చెట్టా, వరుసా, చాటా? రద్దీగా ఉండే టెక్నికల్ గ్రూపుకి ఏ చర్చా పద్ధతి నప్పుతుంది

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీది ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా తీసుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడ్. దాని చుట్టూ నాలుగు వేల మంది పోగయ్యారు. అంతా ఒకే చాట్ గదిలో నడుస్తోంది, రోజుకి మూడు నాలుగు వందల మెసేజ్‌లు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, చెప్పేవాళ్లు విసిగిపోతున్నారు. వేరే చోటికి మారదామని అందరూ ఒప్పుకున్నారు గానీ ఎలాంటి చోటికి అన్న దగ్గర బండి ఆగింది. కొందరు రిప్లై కింద రిప్లై కొమ్మలుగా చీలే చెట్టు పద్ధతి కావాలంటున్నారు. కొందరు ఒకదాని కింద ఒకటి వరుసగా సాగితే చాలంటున్నారు. ఇంకొందరికి చాట్ వదలడమే ఇష్టం లేదు.

ఇలాంటి గ్రూపులు రెండింటికి పద్నాలుగేళ్లుగా మోడరేటర్‌గా ఉన్నాను. అందులో ఒకదాన్ని రెండుసార్లు ఇల్లు మార్పించాను, మొదటిసారి తప్పు ఇంటికి. ఆ తప్పు ఖరీదు ఏడాదిన్నర.

సూటిగా చెప్పాలంటే వరుస పద్ధతి తీసుకోండి. ప్రతి చర్చకీ ఒక శీర్షిక తప్పనిసరి చేయండి. ఆ శీర్షిక మార్చే హక్కు, దారితప్పిన చర్చని రెండుగా కోసే హక్కు కనీసం అరడజను మందికి ఇవ్వండి. చాట్ తీసేయకండి, కానీ అక్కడ పుట్టిన జవాబు అక్కడే చచ్చిపోకుండా చూసే మనిషి ఒకరుండాలి. ఎందుకో కింద చెప్తున్నాను. మీ పరిస్థితి నేననుకున్నట్టు లేకపోతే నా జవాబు తిరగబడుతుంది, అది ఏ సందర్భంలోనో కూడా చెప్తాను.

అసలు రద్దీ అనే మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఒకే విషయం మీద వందలమంది ఒకేసారి పడటం ఒక రకం రద్దీ. వందల విషయాలు నడుస్తూ, ఒక్కోదాని దగ్గర ఇద్దరో ముగ్గురో ఉండటం ఇంకో రకం. బయటినుంచి వింటే రెండూ ఒకేలా హోరుమంటాయి, మెసేజ్‌ల లెక్క కూడా ఒకటే వస్తుంది. మందు మాత్రం వేరు. మొదటి రకానికి కావలసింది జల్లెడ: వందల మాటల్లో చదవదగ్గ పది పైకి తేవాలి. రెండో రకానికి కావలసింది అరలు: ఏ విషయం ఎక్కడుందో తెలియాలి, రేపు వచ్చేవాడికి దొరకాలి. టెక్నికల్ గ్రూపుల్లో నూటికి తొంభై రెండో రకమే. కానీ మారదామనుకోగానే మనకి గుర్తొచ్చే సైట్లన్నీ మొదటి రకం రద్దీ కోసం కట్టినవి. అక్కడే దెబ్బ తింటాం. మేమూ అక్కడే తిన్నాం.

మీది ఏ రకమో ఊహించకండి, లెక్కపెట్టండి. పోయిన నెల చాట్‌లోంచి ఒక యాభై సంభాషణలు ఏరండి. మంచివో పెద్దవో చూసి ఏరొద్దు, ఏ రోజు తగిలితే ఆ రోజువి. ఒక్కోదానికి నాలుగు విషయాలు రాసుకోండి: ఎన్ని రిప్లైలు వచ్చాయి, ఎంతమంది వేరువేరు మనుషులు మాట్లాడారు, మొదలైన విషయం మీదే ముగిసిందా, అడిగినవాడికి జవాబు దొరికిందా. ఒక సాయంత్రం పని. మేము చేసినప్పుడు ఎక్కువ సంభాషణల్లో ఉన్నది ఇద్దరు లేక ముగ్గురు మనుషులే, రిప్లైలు ఆరేడు దాటలేదు. కొండవీటి చాంతాడంత సాగినవి యాభైలో మూడో నాలుగో. మరి మేము రోజూ తిట్టుకున్నది మాత్రం ఆ మూడు నాలుగింటినే. పద్ధతి ఎంచుకునేటప్పుడు కూడా వాటినే కళ్లముందు పెట్టుకున్నాం. మిగతా నలభై ఆరింటి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక చెట్టు పద్ధతి. దీని మీద నాకు కోపమేమీ లేదు, కాకపోతే అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. వెబ్ కంటే ముందే ఉన్న చర్చా వేదిక యూజ్‌నెట్‌ని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో తలపెట్టారు, 1980 నుంచి అది జనంలోకి వచ్చింది. అక్కడ ప్రతి మెసేజ్‌కీ ఒక సొంత గుర్తు ఉంటుంది. రిప్లై రాస్తే దేనికి రిప్లైయో ఆ గుర్తు 'రిఫరెన్సెస్' అనే వరసలో చేరుతుంది. 1983 నాటి ఆర్‌ఎఫ్‌సీ 850లోనే (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతుల్ని వివరించే పత్రాలు) ఈ ఏర్పాటు ఉంది. ఆ గుర్తుల్ని పట్టుకుని చెట్టు గీసేది చదివేవాడి కంప్యూటర్లోని ప్రోగ్రామే. ముఖ్యమైన సంగతేమిటంటే, నువ్వు ఏది చదివావో ఏది చదవలేదో కూడా ఆ ప్రోగ్రామే గుర్తుపెట్టుకునేది. ఒక మీట నొక్కితే ఏ కొమ్మలో ఉన్నా సరే, తర్వాతి చదవని మెసేజ్ దగ్గర దింపేది. చెట్టు ఎంత పెరిగినా పాఠకుడు తప్పిపోయేవాడు కాదు.

వెబ్‌లోకి వచ్చేసరికి చెట్టు వచ్చింది గానీ ఆ జ్ఞాపకం చాలాచోట్ల రాలేదు. నిన్న రాత్రి నలభై రిప్లైలున్న పేజీలోకి ఇవాళ పొద్దున వెళ్తే యాభై రెండు కనిపిస్తాయి. ఆ కొత్త పన్నెండు ఏవి? ఒకటి పైన మూడో కొమ్మలో, రెండు మధ్యలో ఎక్కడో, ఒకటి మూసి ఉన్న కొమ్మ లోపల. మళ్లీ మొదటినుంచి చదవాలి. చదవరు. వరుస పద్ధతిలో ఈ బాధే లేదు, కొత్తదంతా అడుగునే ఉంటుంది. ఒక చర్చ మూడు రోజులు నడిచి, మనుషులు పోయి వస్తూ ఉండే చోట ఇది చిన్న తేడా కాదు.

వెబ్‌లో చెట్టు బాగా పండిన చోట్లు చూడండి. 1997లో వచ్చిన స్లాష్‌డాట్ అనే టెక్ వార్తల సైటు ఒక్కో కామెంటుకి మైనస్ 1 నుంచి 5 దాకా మార్కులు వేయించి, ఇంత కంటే తక్కువవి నాకు చూపించొద్దు అనుకునే వీలిచ్చింది. 2005లో రెడిట్, 2007లో హ్యాకర్ న్యూస్. అన్నిటిలోనూ జరిగేది ఒకటే: ఒక వార్త పడుతుంది, దాని మీద వందలమంది ఒక పూట మాట్లాడుకుంటారు, మర్నాటికి అందరూ ఇంకో వార్త దగ్గర ఉంటారు. తిరిగొచ్చి చదివే అవసరం పెద్దగా లేదు. ఓటు ఉంది, నచ్చని కొమ్మని మూసేసే వీలుంది. మొదటి రకం రద్దీకి సరిగ్గా కుదిరిన పరికరం. అయినా వాళ్లకీ తిప్పలు తప్పలేదు. ముందొచ్చిన కామెంటుకి ఓట్లు పోగవుతాయి, పోగైనందుకే ఇంకా ఓట్లు వస్తాయి, ఆలస్యంగా వచ్చిన మంచి మాట అడుగున పడి ఉంటుంది. ఇది సర్దడానికే రెడిట్ 2009లో 'బెస్ట్' అనే వరస తెచ్చింది. విల్సన్ స్కోర్ అనే గణాంక సూత్రంతో, ఓట్లు తక్కువున్నా వచ్చినవాటిలో మెచ్చుకున్నవి ఎక్కువుంటే పైకి తెచ్చే ఏర్పాటు. అంత శ్రద్ధపెట్టి లెక్కలు వేసే ఇంజనీర్లు మీ దగ్గర లేరు కదా.

మా తప్పు ఇల్లు ఇదే. చెట్టు, దానికి ఓట్లు. మొదటి నెల అందరూ చప్పట్లు కొట్టారు, చాట్ గోల నుంచి వచ్చాం కాబట్టి ఏదైనా బాగుండేది. తర్వాత ఒకరోజు ఒకాయన అడిగాడు: కొత్త వెర్షన్‌కి మారిన దగ్గర్నుంచి ప్రోగ్రామ్ వాడే మెమరీ గంటగంటకీ పెరుగుతోంది, ఎందుకు? పావుగంటలో ఒకరు, క్యాష్ (తాత్కాలికంగా డేటా దాచుకునే చోటు) సైజు తగ్గించండి అన్నారు. నమ్మదగ్గట్టే ఉంది, ఓట్లు పడ్డాయి, పైకి వెళ్లి కూర్చుంది. దాని కింద అడిగినాయన, తగ్గించినా పెరుగుతోందండీ అని రాశాడు. ఆ రిప్లై కింద ఇంకెవరో వేరే వెర్షన్ సంగతి ఎత్తారు, దాని కింద నాకూ అంతే అని నలుగురు. రెండో రోజు రాత్రి ఒకావిడ అసలు కారణం పట్టుకుంది: ఒక ఫంక్షన్‌లో తెరిచిన కనెక్షన్‌ని ఎర్రర్ వచ్చిన దారిలో మూయడం లేదు. ఆవిడ ఆ మాట రాసింది ఏడో మెట్టు లోపల, నాకూ అంతే అన్న నాలుగో వ్యక్తి కింద. ఎందుకంటే ఆవిడ తెరిచి చూస్తున్నది ఆ రిప్లైనే. అడిగినాయనకి నోటిఫికేషన్ కూడా వెళ్లలేదు.

ఆ బగ్ తర్వాతి వెర్షన్‌లో పోయింది. కానీ సెర్చ్‌లో ఆ పేజీ పట్టుకుని వచ్చినవాళ్లు ఏడాదంతా క్యాష్ సైజు తగ్గించుకుంటూనే పోయారు. పైన ఉన్నది అదే కదా. ఓటు వేసినవాళ్లెవరూ మళ్లీ వచ్చి వెనక్కి తీసుకోరు. మేమే మోడరేటర్ అధికారంతో సరైన జవాబుని పైకి తేవాలంటే, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక కొమ్మని ఊడదీసి ఇంకోచోట అతికించే వీలు లేదు.

ఇందులో ఇంకో పాఠం ఉంది, అది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నమ్మరు గానీ మోడరేటర్లందరికీ తెలుసు. చెట్టు పద్ధతిలో కొమ్మ అంటే ఒక విషయం అనుకుంటాం. కాదు. కొమ్మ అంటే ఎవరో నొక్కిన రిప్లై బటన్. మనుషులు తమ మాట దేనికి సంబంధించిందో ఆలోచించి బటన్ నొక్కరు, కళ్లముందు ఏది ఉంటే దాని కింద నొక్కుతారు. కావాలని పైన ఉన్న కామెంటు కింద రాసేవాళ్లూ ఉంటారు, అక్కడైతే నలుగురి కంట పడుతుందని.

ఫోన్ సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. అయిదో మెట్టు దాటాక లైనుకి రెండు మూడు మాటలు మిగులుతాయి. కోడ్ ముక్క అతికిస్తే దాన్ని చదవడం అటుంచండి, అది కోడ్ అని పోల్చుకోవడమే కష్టం. వికీపీడియా చర్చా పేజీల్లో రిప్లైని లోపలికి జరపడానికి ముందు కోలన్లు పెడతారు, ఒక్కో మెట్టుకి ఒక్కో కోలన్. అవి మరీ ఎక్కువైపోతే మళ్లీ ఎడమ అంచుకి వచ్చి మొదలుపెడుతున్నాం అని చెప్పడానికి 'అవుట్‌డెంట్' అనే మూస ఒకటి తయారు చేసుకున్నారు. చెట్టు ముదిరితే దాన్ని వరుసగా మార్చుకోవడానికి ఒక పనిముట్టు కావలసి వచ్చిందన్నమాట.

అయితే చెట్టు లేకపోతే పని జరగని చోటు ఒకటి నిజంగా ఉంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ రాసేవాళ్లు ఇప్పటికీ మెయిలింగ్ లిస్టు మీదే నడుస్తున్నారు. ఒక మార్పుని ఏడు ముక్కలుగా పంపితే ముందు సున్నా బై ఏడు అని ఒక పరిచయం మెయిల్, దానికి రిప్లైలుగా ఒకటి బై ఏడు, రెండు బై ఏడు అని ప్యాచ్‌లు. మూడో ప్యాచ్ మీద విమర్శ మూడో దాని కిందే పడుతుంది. రాసేవాళ్లు అవతలివారి కోడ్‌లో సరిగ్గా ఆ నాలుగు లైన్లు మాత్రం ఉంచి, వాటి కింద తమ మాట రాస్తారు. అవసరమైనంత మేరకే ఎత్తిరాయండి అని 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1855 చెప్పిన మర్యాదని వాళ్లు అక్షరాలా పాటిస్తారు. చెట్టు గీసి, చదివినవి గుర్తుపెట్టుకునే మెయిల్ ప్రోగ్రాములు వాళ్ల దగ్గరున్నాయి. ఆ అలవాటు, ఆ పనిముట్లు మీ నాలుగు వేల మందికీ ఉంటే ఈ ప్రశ్న మీరు అడిగేవారే కాదు.

వరుస పద్ధతికి వద్దాం. 2013లో డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ మొదలైనప్పుడు దాన్ని తెచ్చినవారిలో ఒకరైన జెఫ్ అట్‌వుడ్ చెట్టు పద్ధతికి వ్యతిరేకంగా గట్టిగానే వాదించాడు, తమ సాఫ్ట్‌వేర్‌ని వరుసగానే కట్టారు. ఎవరికి రిప్లై ఇస్తున్నారో గుర్తు ఉంటుంది, నొక్కితే ఆ మాట కనిపిస్తుంది, కానీ పేజీ మాత్రం పైనుంచి కిందికి కాలక్రమంలో ఒకటే దారి. ఆయన వాదంలో అన్నీ నేను ఒప్పుకోను. వరుస పద్ధతి తనంతట తాను ఏమీ చక్కబెట్టదు. వదిలేస్తే రెండు మూడు సంభాషణలు జడలా అల్లుకుపోతాయి. పన్నెండో రిప్లై ఎనిమిదోదానికి జవాబు, పదమూడోది పదకొండోదానికి. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు, ఇరవయ్యో రిప్లైలో ఒకడొచ్చి మొదటి ప్రశ్నే మళ్లీ అడుగుతాడు.

కాబట్టి వరుస పద్ధతి ఎంచుకోవడమంటే కత్తెర చేతబట్టిన మనుషుల్ని ఎంచుకోవడమే. ఆ కత్తెర పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూపిస్తాను, ఎందుకంటే బయటివాళ్లు దీన్ని చాలా పెద్ద పని అనుకుంటారు.

ఒక చర్చ శీర్షిక "అర్జంట్, సాయం చేయగలరు". లోపల ప్రశ్న: 3.2 వెర్షన్‌కి మారాక డేటాబేస్‌కి కనెక్ట్ కావడం లేదు, టైమవుట్ అంటోంది. అయిదు రిప్లైల్లో తేలింది, పాత సర్టిఫికెట్‌ని కొత్త వెర్షన్ ఒప్పుకోవడం లేదు. ఆరో రిప్లై కృతజ్ఞతలు. తొమ్మిదో రిప్లైలో ఇంకొకరు: నాకూ ఇదే ఎర్రర్, సర్టిఫికెట్ మార్చినా పోలేదు. అక్కణ్నుంచి కథ వేరే. ఆయన ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) వెనక ఉన్నాడు, టైమవుట్ అక్కడ వస్తోంది. మోడరేటర్ చేయాల్సింది ఇంతే: తొమ్మిది నుంచి చివరిదాకా ఎంచి, కొత్త చర్చగా కోసి, "ప్రాక్సీ వెనక ఉన్నప్పుడు మాత్రమే టైమవుట్" అని పేరు పెట్టడం. పాతదాని శీర్షికని "3.2కి మారాక పాత సర్టిఫికెట్‌తో కనెక్షన్ తెగిపోతోంది" అని మార్చడం. అయిదో రిప్లైని పరిష్కారంగా గుర్తించడం. అలవాటైతే నిమిషం పట్టదు. కోసిన చోట సాఫ్ట్‌వేరే లింకు వదులుతుంది. మొదట్లో, నా పోస్టు ఎందుకు కదిపారు అని అలిగేవాళ్లుంటారు. కోసిన ప్రతిసారీ ఎందుకు కోశామో ఒక లైను రాస్తే నెలలో అలకలు ఆగిపోతాయి, రెండో నెలలో వాళ్లే ఫ్లాగ్ బటన్ నొక్కి మోడరేటర్లని పిలిచి కోయమంటారు.

చూడండి, ఇప్పుడు సెర్చ్‌లో వెతికేవాడికి రెండు శీర్షికలూ దొరుకుతాయి. అర్జంట్ సాయం అన్నది ఎవరికీ దొరకదు. నా దృష్టిలో చెట్టా వరుసా అన్న గొడవ కంటే శీర్షిక మార్చే హక్కు ఎంతమందికి ఉంది అన్నదే అసలు ప్రశ్న. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు ఈ రెండు పనులూ చేసి చూడండి: మధ్యలోంచి కోయడం, పేరు మార్చడం. మూడు క్లిక్కుల్లో కాకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

చాట్ కావాలనేవాళ్లని తేలిగ్గా తీసేయకండి, వాళ్ల మాటలో పస ఉంది. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికారినెన్ ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థ రాసిన దగ్గర్నుంచి 2014లో అందరికీ తెరిచిన స్లాక్, 2015లో వచ్చిన డిస్కార్డ్ దాకా మనుషుల్ని అక్కడ పట్టి ఉంచేది సమాచారం కాదు, తోడు. రాత్రి పదకొండుకి బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) విరిగి, ఏడవాలో నవ్వాలో తెలియనప్పుడు అటువైపు ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం శీర్షిక పెట్టి రాసే చోట దొరకదు. కొత్తవాళ్లు కూడా చాట్‌లో అయితే భయపడకుండా అడుగుతారు, నాలుగు లైన్ల ప్రశ్న పద్ధతిగా రాయాలంటే జంకుతారు.

చాట్ తినేసేది మాత్రం చెప్పేవాళ్లని. మా గ్రూపులో ఒకాయన ఉండేవాడు, ఆ లైబ్రరీలో సగం ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఎవరేం అడిగినా విసుగు లేకుండా చెప్పేవాడు. ఒకే ప్రశ్నకి ఒకే నెలలో పదకొండుసార్లు జవాబు రాశాడు, పదకొండోసారి తన పాత జవాబు వెతుక్కోబోయి దొరక్క మళ్లీ మొదటినుంచి టైప్ చేశాడు. గొడవేమీ పడలేదు. రెండు వారాలు కనిపించలేదు, తర్వాత ఎప్పటికీ కనిపించలేదు. మీ ప్రశ్నలో "చెప్పేవాళ్లు విసిగిపోతున్నారు" అన్న ముక్క చదవగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. తొందరపడండి.

పాత మాటలు దొరకడం గురించి ఒక వివరం: స్లాక్ ఉచిత ప్లాన్‌లో ఒకప్పుడు చివరి 10,000 మెసేజ్‌లే కనిపించేవి, 2022 సెప్టెంబర్ నుంచి చివరి 90 రోజులవే. డిస్కార్డ్‌లో చరిత్ర ఉంటుంది, కానీ అది సెర్చ్ ఇంజన్ల కంట పడదు. 2022లో వచ్చిన ఫోరమ్ ఛానెళ్లతో శీర్షికలు వచ్చాయి గానీ సెర్చ్‌కి అడ్డుగోడ మాత్రం అలాగే ఉంది. జూలిప్ ఒక్కటి మధ్యేమార్గం: చాట్ లాగే పరుగెడుతుంది, ప్రతి మెసేజ్‌కీ ఛానెల్‌తో పాటు ఒక టాపిక్ పేరు ఉంటుంది, మెసేజ్‌ల్ని ఒక టాపిక్ నుంచి ఇంకోదానికి జరపొచ్చు. లీన్ అనే గణిత నిరూపణల భాష వాళ్లు, రస్ట్ భాష బృందాలు దాన్ని వాడుతున్నారు. రోజూ వచ్చే వందమంది కలిసి పనిచేసే చోట నేను జూలిప్‌కే ఓటేస్తాను. మీ నాలుగు వేలల్లో ఎక్కువమంది మూడు నెలలకోసారి ఒక ప్రశ్నతో వచ్చి వెళ్లేవాళ్లు అయుంటారు, వాళ్లు ఇంకో చాట్ యాప్ నేర్చుకోరు.

ప్రశ్నలు జవాబులు మాత్రమే ఉండే పద్ధతి ఎందుకు వద్దు అని మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో చర్చ కోసం కట్టింది కాదు, చర్చ జరగకుండా కట్టింది. జవాబు జవాబుగానే ఉండాలి, కామెంటు 600 అక్షరాలు దాటకూడదు, అభిప్రాయాలు అడిగే ప్రశ్నల్ని చాలాకాలం మూసేస్తూ వచ్చారు. ఒకే సరైన జవాబున్న ప్రశ్నకి దాన్ని మించింది లేదు. కానీ మీ లెక్కలో యాభైలో కనీసం పది పదిహేను "ఇలా కడదామా అలా కడదామా" రకం ఉంటాయి, అవి ఆ పద్ధతిలో ఇమడవు. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లోని డిస్కషన్స్‌ విభాగంలో ఒకే ఒక్క మెట్టు కింది రిప్లైలు ఉంటాయి, ప్రశ్నల విభాగంలో జవాబుని గుర్తించవచ్చు. కోడ్ ఎలాగూ అక్కడే ఉంటే, కత్తెర పట్టేవాళ్లు దొరకకపోతే, ఇది చెడ్డ ఎంపిక కాదు. ఒక్క మెట్టు దగ్గర ఆపేశారు కాబట్టి చెట్టు జబ్బులు ముదరవు.

ఒక్క రకం చర్చని మాత్రం వీటన్నిటికీ దూరంగా పెట్టండి, నిర్ణయాలు. 2018లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పెప్ 572 (పెప్ అంటే ఆ భాషకి మార్పు ప్రతిపాదించే పత్రం) మీద జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ప్రతిపాదించింది కోలన్, సమానం గుర్తు కలిపి రాసే చిన్న ఆపరేటర్, ముద్దుగా వాల్రస్ అంటారు. మెయిలింగ్ లిస్టుల్లో వందల మెయిళ్లు నడిచాయి. కొత్తగా వచ్చినవాళ్లకి వెనకటి మెయిళ్లన్నీ చదివే ఓపిక ఉండదు కాబట్టి, జవాబు చెప్పేసిన అభ్యంతరమే మళ్లీ మళ్లీ కొత్తగా లేస్తుంది. ప్రతిపాదన ఆమోదం పొందింది, కానీ ఆ పోరుతో అలసి పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ 2018 జూలై 12న తుది నిర్ణయాధికారం నుంచి తప్పుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకి పైథాన్ డెవలపర్ల చర్చ డిస్కోర్స్‌కి మారింది. అయితే వాళ్లని నిలబెట్టింది చర్చ జరిగే చోటు కాదనుకుంటాను, 2000 నుంచీ ఉన్న పెప్ అనే పత్రం. వాదనలు ఎక్కడ జరిగినా, ఏ అభ్యంతరం వచ్చింది, దానికి ఏం చెప్పారు, ఏది ఎందుకు వదిలేశారు అన్నది ఆ పత్రంలోకి వచ్చి చేరుతుంది. 2014లో రస్ట్ వాళ్లు ఆర్‌ఎఫ్‌సీలనే తమ సొంత ప్రతిపాదన పత్రాలతో పెట్టుకున్నదీ అదే. మీరు అంత లాంఛనంగా చేయక్కర్లేదు. నిర్ణయం కావలసిన ప్రతి చర్చకీ మొదటి పోస్టుని మార్చగలిగేలా పెట్టి, ప్రతి పది పదిహేను రిప్లైలకీ ఎవరో ఒకరు అక్కడ "ఇప్పటిదాకా తేలింది" అని నాలుగు లైన్లు రాస్తే చాలు.

మారేటప్పుడు చేసే తప్పులు కూడా చెప్పేస్తాను. పాత చాట్ మొత్తాన్ని కొత్తచోట కుమ్మరించకండి. గడ్డివాము మారుతుంది, సూది దొరకదు. ఎక్కువసార్లు అడిగిన నలభై ప్రశ్నలు ఏరి, ఒక్కోదానికి మంచి శీర్షిక, తేటగా ఒక జవాబు రాసి, తలుపులు తెరిచే రోజుకే అవి అరల్లో ఉండేలా చూడండి. ఖాళీ ఇంట్లోకి ఎవరూ రారు. విభాగాలు నాలుగు మించొద్దు: ప్రశ్నలు, డిజైన్ చర్చలు, మేము కట్టినవి, ప్రకటనలు. మేము పదిహేడు పెట్టాం. ఎక్కడ రాయాలో తెలియక అందరూ "ఇతరములు"లో రాశారు.

రెండుచోట్లా ఒకే పని జరగనివ్వకండి. కొన్నాళ్లు ఇక్కడా అక్కడా అడగొచ్చు అన్నామంటే ఉభయభ్రష్టత్వమే. చాట్‌లో అడిగితే రెండు నిమిషాల్లో జవాబొస్తుంటే కొత్తచోటికి ఎవరు పోతారు? పని చేసిన నియమం ఇది: చాట్‌లో అయిదు రిప్లైలు దాటిన ప్రశ్నని అడిగినవాళ్లే కొత్తచోట శీర్షిక పెట్టి రాయాలి, చాట్‌లో దాని లింకు వేయాలి, జవాబు తెలిసినవాళ్లు ఇకనుంచి అక్కడే రాయాలి. నియమం పెట్టాక దాన్ని మొదట పాటించాల్సింది మెయింటైనర్లు, అంటే లైబ్రరీ బాగోగులు చూసేవాళ్లు. వాళ్లలో ఒక్కరు చాట్‌లోనే జవాబు చెప్పేస్తూ ఉంటే మిగతా శ్రమంతా వృథా. మొదటి మూడు వారాలు మా వాళ్లలో ఒకామె ఇదే పనిగా పెట్టుకుంది, మర్యాదగా, ప్రతిసారీ అదే వాక్యం: "మంచి ప్రశ్న, ఇక్కడ పోగొట్టుకోకుండా అక్కడ పెడతారా?" కొత్త చర్చల శీర్షికల్ని చాట్‌లోకి తనంతట తానే తెచ్చి పడేసే బాట్ (చిన్న ప్రోగ్రామ్) కూడా పెట్టుకోండి, చాట్‌లో ఉండేవాళ్లకి అటువైపు ఏం జరుగుతోందో తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఖాయం చేసేముందు ఒక్కసారి ఉత్తుత్తి వలస చేసి చూడండి. పది చర్చలు పెట్టి, మొత్తం డేటాని బయటికి తీసి, ఆ ఫైలులో రిప్లైలు, రాసినవారి పేర్లు, కోడ్ ముక్కల్లోని ఖాళీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. మా మొదటి ఇంట్లోంచి బయటపడేటప్పుడు వచ్చిన ఫైలులో కోడ్ ఇండెంటేషన్ (లైన్ల ముందుండే ఖాళీలు) అంతా నుజ్జయిపోయింది. ఇండెంటేషన్ మీద నడిచే భాషలో రాసిన వేలకొద్దీ ముక్కలు.

ఆ యాభై లెక్క తీశాక ఇక్కడే కింద రాయండి. ఒక్కో సంభాషణలో పదిహేను ఇరవై మంది చొప్పున ఉన్నారని తేలితే మీది మొదటి రకం రద్దీ. అప్పుడు చెట్టూ ఓట్లూ కావలసిందే, పైన చెప్పిన చాలా మాటలు వెనక్కి తీసుకుంటాను. ఇద్దరు ముగ్గురు అని తేలితే మాత్రం కత్తెర పట్టే ఆరుగురి పేర్లు ముందు రాసుకుని, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ వెతకండి.